నెల లెక్కా తప్పింది, బిడ్డ ఎదుగుదలా తగ్గింది: ఒక గ్రోత్ స్కాన్ కేసు

ఇరవై మూడేళ్ళ అమ్మాయి, తొలి కాన్పు. సీమంతం అయ్యాక హైదరాబాద్ నుంచి గోదావరి జిల్లాలోని పుట్టింటికి వచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే దగ్గర్లో ఒకచోట స్కాన్ తీయిస్తే బిడ్డ దాదాపు మూడు వారాలు వెనకబడి ఉందని, బరువు 1,480 గ్రాములేనని, ఐయూజీఆర్ (గర్భంలో ఎదుగుదల లోపం) అని రిపోర్టు వచ్చింది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం సూదులు రెండు చేసి ఆ వారంలోనే ఆపరేషన్ చేసేద్దామని చెప్పారట. మరొకరి మాట కూడా విందామని తల్లీకూతుళ్ళు నా దగ్గరికి వచ్చారు. ఆ అమ్మాయి అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసు రాస్తున్నాను. గర్భంలో బిడ్డ ఎదుగుదలను అల్ట్రాసౌండ్‌తో అంచనా వేసేటప్పుడు మనం పొరబడే దారులు రెండు: బాగున్న బిడ్డను బాగోలేదనుకోవడం, బాగోలేని బిడ్డను బాగుందనుకోవడం. ఈ ఒక్క కేసులో ఆ రెండు ప్రమాదాలూ వెంటవెంటనే ఎదురయ్యాయి.

"డాక్టరమ్మ గారూ, మా అమ్మాయి సరిగ్గా తినదండీ. అందుకే బిడ్డ ఎదగలేదంటారా?" అన్నారు తల్లి, కుర్చీలో కూర్చోకముందే. అమ్మాయి తల దించుకుని ఉంది. ఏ కాగితమూ చూడకముందే ఆమెకు ఒక మాట చెప్పాను. మన ఇళ్ళల్లో బిడ్డ ఎదగకపోవడానికి చాలాసార్లు కారణం తల్లి తిండి కాదమ్మా, మాయ సరిగ్గా పనిచేయకపోవడం, అది ఎవరి తప్పూ కాదు అని. ఈ మాట ముందే చెప్పాలి. లేకపోతే ఆ తర్వాత మనం చెప్పేవేవీ ఆ పిల్ల చెవికెక్కవు.

ఫైలులో మూడు తేదీలు

అమ్మాయి ఎత్తు 148 సెంటీమీటర్లు. బీపీ 118/76. హిమోగ్లోబిన్ 9.4. షుగర్ లేదు, థైరాయిడ్ మామూలే. చేత్తో చూస్తే గర్భాశయం ఎత్తు 29 సెంటీమీటర్లు. 24 వారాలు దాటాక ఈ కొలత దాదాపుగా వారాల సంఖ్యతో సరిపోవాలి, మూడు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే స్కాన్‌కు పంపాలి. ఆఖరి నెలసరి తేదీ ప్రకారం ఆ రోజుకు ఆమెకు 33 వారాల 1 రోజు. అంటే నాలుగు సెంటీమీటర్లు తక్కువ. స్కాన్ అవసరమే, అందులో అనుమానం లేదు.

ఫైలు తిరగేస్తే కాన్పు తేదీలు మూడు కనిపించాయి. నెలసరి ప్రకారం ఒకటి, ఐదో నెలలో బిడ్డ అవయవాలు చూడడానికి తీసిన టిఫా స్కాన్ ప్రకారం ఒకటి, రెండు రోజుల కిందటి స్కాన్ ప్రకారం ఇంకొకటి. మిషన్ ప్రతిసారీ ఆ రోజు బిడ్డ సైజును బట్టి కొత్త తేదీ లెక్కగట్టి రిపోర్టులో అచ్చు వేస్తుంది. కుటుంబాలు దాన్ని చూసి "మేడం, డేట్ మళ్ళీ మారింది" అని టెన్షన్ పడతాయి. నిజానికి ఏడో నెల దాటాక స్కాన్ మీద ఆధారపడి నెలలు లెక్కిస్తే తేడా అటూ ఇటూ మూడు వారాల దాకా ఉండొచ్చు. పైగా చిన్న బిడ్డను చూసి తేదీ వెనక్కి జరిపితే ఆ చిన్నతనం లెక్కలోనే కలిసిపోతుంది. బిడ్డ ఎదగడం లేదన్న సంగతి ఆ కాగితం మీద ఇక ఎప్పటికీ కనపడదు.

నా కన్ను ఆగింది టిఫా రిపోర్టు దగ్గర. నెలసరి ప్రకారం 21 వారాల 2 రోజులు, స్కాన్ ప్రకారం 19 వారాల 6 రోజులు అని ఉంది. పది రోజుల తేడా. అవయవాలన్నీ మామూలుగా ఉన్నాయి. ఐదో నెలకే పది రోజులు వెనకబడేంతగా ఎదుగుదల దెబ్బతినడం అరుదు. తేదీ తప్పయి ఉండడమే ఎక్కువ. నెలసరి ఎలా వస్తుందమ్మా అని అడిగితే, "ముప్పై ఎనిమిది, నలభై రోజులకోసారి మేడం" అంది. 28 రోజుల చక్రం ఉన్నవాళ్ళకు అండం దాదాపు 14వ రోజున విడుదలవుతుంది. నలభై రోజులకోసారి వచ్చేవాళ్ళకు అది పది పన్నెండు రోజులు ఆలస్యం. మన క్యాలెండర్ లెక్కకు ఆ సంగతి తెలియదు.

మూడో నెలలో తీసే ఎన్‌టీ స్కాన్ రిపోర్టు ఫైల్లో లేదు. అది హైదరాబాద్‌లో అత్తగారింట్లో ఉందట. మన దగ్గర ఇది మామూలే. మొదటి ఆరేడు నెలలు ఒకచోట, కాన్పు పుట్టింట్లో. మనిషి వస్తుంది, చీరలు, గాజులు, స్వీట్లు అన్నీ వస్తాయి, పాత కాగితాలు అక్కడే ఉండిపోతాయి. నా అభిప్రాయంలో గర్భిణి ఫైల్లో అన్నిటికన్నా విలువైన కాగితం ఆ ఎన్‌టీ రిపోర్టే. భర్తకు ఫోన్ చేయించాను. ఆయన ఆఫీసులో ఉన్నా వాళ్ళమ్మ గారికి చెప్పి బీరువాలో వెతికించారు. అరగంటలో వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. కాగితం మడతపడిన చోట ఒక వరుస సరిగ్గా కనపడక రెండోసారి తీయించి పంపమన్నాను. సీఆర్‌ఎల్ 56 మిల్లీమీటర్లు. అంటే ఆ రోజుకు 12 వారాల 1 రోజు. నెలసరి ప్రకారం అదే రోజుకు 13 వారాల 4 రోజులు. అక్కడా పది రోజుల తేడానే.

సీఆర్‌ఎల్ అంటే తల పైనుంచి పిరుదుల కిందిదాకా బిడ్డ పొడవు. ఆ దశలో బిడ్డలందరూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతారు. తల్లి పొడవైనదా పొట్టిదా, సన్నగా ఉందా అన్నదాని ప్రభావం పెద్దగా ఉండదు. అందుకే అప్పటి కొలతతో కట్టిన వారాల లెక్క ఐదు నుంచి ఏడు రోజుల తేడాలో నిలుస్తుంది. 9 నుంచి 14 వారాల మధ్య నెలసరి లెక్కకూ స్కాన్ లెక్కకూ ఏడు రోజులకు మించి తేడా వస్తే స్కాన్ తేదీనే తీసుకోవాలి, ఆ తర్వాత ఇక మార్చకూడదు. ఇక్కడ పది రోజులు. ఆ రోజే తేదీ సరిచేసి ఫైలు అట్ట మీద రాసి ఉంటే ఈ గందరగోళంలో సగం ఉండేది కాదు. ఎర్ర పెన్నుతో ఒకే తేదీ రాసి మిగిలిన రెండూ కొట్టేశాను. ఆ రోజుకు ఆమెకు నిజంగా 31 వారాల 5 రోజులు.

అంటే ఆపరేషన్ చేయాలనుకున్న ఆ వారానికి బిడ్డకు 32 వారాలు నిండీ నిండని స్థితి. అప్పుడు బయటికి తీసి ఉంటే రోజులు, వారాలు ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) గడిచేవి. ఆ రిపోర్టు ఇచ్చినవాళ్ళ చేతిలో ఉన్నది నెలసరి తేదీ ఒక్కటే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

(ఎన్‌టీ రిపోర్టు అసలే దొరకకపోతే? టిఫా స్కాన్‌నే ఆధారం చేసుకోవాలి. అందులో చిన్నమెదడు అడ్డకొలత రాసి ఉంటే అదృష్టం. ఐదారు నెలల మధ్య అది ఎన్ని మిల్లీమీటర్లుంటే దాదాపు అన్ని వారాలు. ఎదుగుదల తగ్గిన బిడ్డల్లో కూడా ఆ కొలత అంత తేలిగ్గా దెబ్బతినదు.)

మొదటి స్కాన్

గ్రోత్ స్కాన్‌లో కొలిచేవి నాలుగు: తల అడ్డకొలత, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు. వీటిలో ఎదుగుదల గురించి ముందుగా చెప్పేది పొట్ట. మాయ నుంచి ఆహారం తగ్గితే బిడ్డ మొదట కాలేయంలో దాచుకున్న నిల్వలు వాడుకుంటుంది, తలకు మాత్రం రక్తం తగ్గనివ్వదు. కాలేయం చిన్నదవుతుంది, చర్మం కింద కొవ్వు పేరుకోదు. పొట్ట కొలత నిలిచిపోతుంది.

కానీ నాలుగింటిలోనూ తప్పుగా కొలవడానికి ఎక్కువ వీలున్నదీ పొట్టే. సరైన అడ్డకోతలో పొట్ట గుండ్రంగా కనపడాలి, కోడిగుడ్డు ఆకారంలో కాదు. జీర్ణకోశం నల్లటి బుడగలా ఒక పక్కన ఉండాలి. బొడ్డు సిర లోపలికి వెళ్ళి పోర్టల్ సిరతో కలిసే చోట వంపు తిరిగి కనపడాలి. మూత్రపిండాలు కనపడితే మనం కిందికి జారిపోయినట్టు, గుండె కనపడితే పైకి వెళ్ళినట్టు. నెలలు నిండే కొద్దీ ఇంకో ఇబ్బంది ఉంటుంది. ప్రోబ్‌తో గట్టిగా నొక్కితే పొట్ట చదునవుతుంది. ఈ బిడ్డ వీపు పైకి పెట్టి పడుకుంది, వెన్నెముక నీడ పడి సగం గీత కనపడలేదు. అమ్మాయిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, కాసేపు ఆగి, బిడ్డ జరిగాక మూడుసార్లు కొలిచి సగటు తీసుకున్నాను. 257, 260, 257. సగటు 258 మిల్లీమీటర్లు.

తల చుట్టుకొలత 288, తొడ ఎముక 60 మిల్లీమీటర్లు. తల, కాలు 31 వారాలు దాటిన బిడ్డకు ఉండాల్సినట్టే ఉన్నాయి. పొట్ట మాత్రం 30 వారాల బిడ్డది. ఈ కొలతల నుంచి బరువు లెక్కగట్టే హ్యాడ్‌లాక్ సూత్రంలో వేస్తే అంచనా బరువు 1,613 గ్రాములు. రెండు రోజుల కిందటి స్కాన్‌లో 1,480 అన్నారు కదా, అందులో పెద్ద వింత లేదు. స్కాన్‌తో వేసే బరువు అంచనాలో 10 నుంచి 15 శాతం తేడా ఎవరు చేసినా ఉంటుంది. అది తూకం కాదు, లెక్క.

ఇప్పుడు అసలు సంగతి. అదే 1,613 గ్రాములను 33 వారాల 1 రోజు దగ్గర పెడితే హ్యాడ్‌లాక్ చార్టులో మూడో పర్సంటైల్ కిందికి పోతుంది. అంటే వంద మంది బిడ్డల్లో అందరికన్నా చిన్నవాళ్ళైన ఇద్దరు ముగ్గురిలో ఒకరు. ఆ ఒక్క కొలతతోనే తీవ్రమైన ఎదుగుదల లోపం అని రాసేయవచ్చు. 31 వారాల 5 రోజుల దగ్గర పెడితే 12, 13 పర్సంటైల్ మధ్య. పదికి పైన, మామూలు హద్దుల్లో. బిడ్డ అదే, బరువు అదే. మారింది పది రోజుల లెక్క ఒక్కటే.

రక్తప్రవాహం చూసే డాప్లర్‌లో బొడ్డుతాడు ధమని పీఐ (ప్రవాహానికి ఎంత అడ్డు ఉందో చెప్పే సంఖ్య) 0.98, బిడ్డ మెదడులోని ఎంసీఏ అనే ధమని పీఐ 1.92. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చే సీపీఆర్ 1.96. అన్నీ బాగున్నాయి. ఉమ్మనీరు 10 సెంటీమీటర్లు, సరిపడా ఉంది. గర్భాశయ ధమనుల్లో మాత్రం కుడివైపు ఇంకా నాచ్ (ప్రవాహపు గీతలో చిన్న నొక్కు) కనిపించింది. అంటే మాయ పాతుకున్న ఆ వైపు రక్తనాళాలు పూర్తిగా సడలలేదని అర్థం చేసుకోవాలి.

తల్లి ముఖం వెలిగింది. "అయితే బిడ్డ బాగుందన్నమాటేనండీ? మా ఇంట్లో అందరూ చిన్నగానే పుట్టారండీ, ఈ పిల్ల కూడా రెండున్నర కేజీలే." ఇక్కడే రెండో ప్రమాదం. తేదీ తప్పని తేలగానే డాక్టర్లకూ, ఇంట్లోవాళ్ళకూ ఒకటే ఊరట కలుగుతుంది: హమ్మయ్య, అంతా క్యాలెండర్ తప్పే అని. కానీ టిఫా నాటికి తేడా పది రోజులు. ఇప్పుడు బయటి రిపోర్టులో ఇరవై రోజులు. క్యాలెండర్ ఖాతాలో పది రోజులు వేస్తే ఇంకో పది మిగులుతాయి. ఆ పది రోజులు పొట్ట కొలతలోనే ఉన్నాయి, తలలో, కాలులో లేవు. అవి బిడ్డవి.

తల్లి చిన్నగా ఉంటే బిడ్డ చిన్నగా ఉండడం నిజమే. అందుకే ప్రపంచమంతటికీ ఒకే చార్టు ఉండాలా అన్న చర్చ ఎప్పటినుంచో సాగుతోంది. మన మిషన్లలో ఎక్కువగా ఉండే హ్యాడ్‌లాక్ బరువు చార్టు 1991లో వచ్చింది. అమెరికాలోని 392 మంది గర్భిణుల కొలతల మీద కట్టినది, వాళ్ళలో ఎక్కువమంది మధ్యతరగతి తెల్లజాతి స్త్రీలు. 2014లో వచ్చిన ఇంటర్‌గ్రోత్ ప్రమాణాలకు ఎనిమిది దేశాల్లో కొలిచారు, మన దేశం నుంచి నాగ్‌పూర్ ఉంది. ఆరోగ్యంగా, మంచి తిండి తినే తల్లుల బిడ్డలు ఎక్కడైనా దాదాపు ఒకేలా పెరుగుతారన్నది వాళ్ళ వాదన. ఒకే బిడ్డ ఒక చార్టులో పదికి కింద, ఇంకో చార్టులో పదికి పైన పడవచ్చు. నేను చెప్పేది ఒక్కటే. ఏ చార్టు వాడినా కాన్పు దాకా దాన్నే వాడాలి. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి పెడితే వచ్చిన మార్పు బిడ్డదో చార్టుదో తెలియదు.

పైగా పుట్టుకతో చిన్న బిడ్డ వేరు, ఎదగాల్సినంత ఎదగలేకపోతున్న బిడ్డ వేరు. ఆ తేడా ఒక్క స్కాన్‌లో తెలియదు. ఇళ్ళల్లో గోడ మీద పిల్లల ఎత్తు గీతలు గీస్తాం కదా, ఒక గీత ఎత్తు చెబుతుంది, రెండో గీత పడ్డాకే ఎదిగాడో లేదో తెలుస్తుంది. తల్లికి అదే చెప్పాను. మూడు వారాల తర్వాత రెండో గీత గీద్దాం, ఆపరేషన్ ఇప్పుడు వద్దు, అలాగని వదిలేయడమూ వద్దు అన్నాను.

మూడు వారాలే ఎందుకంటే, వారానికోసారి కొలిస్తే మన కొలతల్లో ఉండే తేడా బిడ్డ పెరిగిన దానికన్నా ఎక్కువ. ఎదగని బిడ్డ ఎదిగినట్టూ, ఎదిగిన బిడ్డ ఆగిపోయినట్టూ కనపడుతుంది. రెండు వారాలకన్నా ముందు బరువు కొలవకూడదు, మూడైతే మంచిది. డాప్లర్‌కు ఈ పరిమితి లేదు, అవసరాన్ని బట్టి వారానికోసారి, రెండుసార్లు కూడా చూడవచ్చు. నాచ్ కనిపించింది కాబట్టి రెండు వారాలకు డాప్లర్ ఒక్కటే చూశాను. సీపీఆర్ 1.76. బీపీ మామూలే. రక్తహీనతకు ఐరన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాం.

రెండో గీత

34 వారాల 5 రోజులకు మళ్ళీ పూర్తి గ్రోత్ స్కాన్. అదే మిషన్, అదే చార్టు, కొలిచింది నేనే. తల 306, తొడ ఎముక 64, పొట్ట 271 మిల్లీమీటర్లు. అంచనా బరువు 1,933 గ్రాములు.

పెరిగింది కదా అనిపిస్తుంది. 320 గ్రాములు పెరిగింది. కానీ ఆ వయసు బిడ్డ రోజుకు 30 గ్రాముల చొప్పున మూడు వారాల్లో 630 దాకా పెరగాలి. ఈ బిడ్డ పెరిగింది దాదాపు సగం. పొట్ట వారానికి 10 మిల్లీమీటర్లు పెరగాల్సింది, మూడు వారాలకు కలిపి 13 పెరిగింది. బరువు 13వ పర్సంటైల్ దగ్గర నుంచి నాలుగు దగ్గరికి జారింది. పొట్ట మూడో పర్సంటైల్ కిందికి వెళ్ళిపోయింది.

2016లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఒప్పుకున్న నిర్వచనం ప్రకారం, 32 వారాల తర్వాత పొట్టగానీ బరువుగానీ మూడో పర్సంటైల్ కింద ఉంటే ఆ ఒక్కటి చాలు, అది ఎదుగుదల లోపమే. అంత కిందికి పోకపోతే మూడింట్లో రెండు ఉండాలి: పదికి కింద ఉండడం, చార్టులో బాగా కిందికి జారడం, సీపీఆర్ తగ్గడం లేదా బొడ్డుతాడు పీఐ పెరగడం. ఇప్పుడు ఈ బిడ్డకు పేరు పెట్టడానికి సందేహించాల్సిన పని లేదు. ఆలస్యంగా మొదలైన ఎదుగుదల లోపం. మూడు వారాల కిందట ఇదే మాట అనివుంటే తప్పయ్యేది. ఇప్పుడు అనకపోతే తప్పు.

ఆలస్యపు లోపంలో బొడ్డుతాడు ధమని చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. మాయలో మూడో వంతుకు పైగా దెబ్బతింటే తప్ప అందులో మార్పు కనపడదంటారు. అందుకే బొడ్డుతాడు డాప్లర్ ఒక్కటే చూసి "డాప్లర్ నార్మల్" అని రాసి పంపే రిపోర్టులంటే నాకు భయం. ఇక్కడ బొడ్డుతాడు పీఐ 1.08, మామూలే. ఎంసీఏ 1.92 నుంచి 1.60కి దిగింది. సీపీఆర్ 1.48. హద్దు దాటలేదు, కానీ దారి తెలుస్తోంది. ఆక్సిజన్ తగ్గుతున్నప్పుడు బిడ్డ మెదడులోని రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తం అటు మళ్ళుతుంది, అందుకే ఎంసీఏ పీఐ పడిపోతుంది. ఈ కొలత తీసేటప్పుడు బిడ్డ తల మీద ప్రోబ్ నొక్కకూడదు, బిడ్డ ఊపిరి కదలికలు ఆగేదాకా వేచి ఉండాలి, నాళం మొదలైన చోటికి దగ్గరగా, కోణం సున్నాకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. తొందరపడితే తప్పుడు సంఖ్య వస్తుంది, ఆ సంఖ్యే ఆపరేషన్ దాకా తీసుకెళ్తుంది.

"ఇప్పుడు ఏం తింటే పెరుగుతుంది మేడం?" అంది అమ్మాయి. ఈ ప్రశ్న రాని రోజు లేదు. మన దగ్గర ఇలాంటప్పుడు అమైనో యాసిడ్ సెలైన్లు ఎక్కిస్తారు, ఖరీదైన ప్రొటీన్ పొడులు రాస్తారు, కొందరు సిల్డెనాఫిల్ కూడా ఇస్తారు. సెలైన్లతో బిడ్డ పెరిగిందన్న నమ్మదగ్గ రుజువు లేదు. సిల్డెనాఫిల్ మీద నెదర్లాండ్స్‌లో జరుగుతున్న పరిశోధనను 2018లో మధ్యలోనే ఆపేశారు, మందు తీసుకున్న తల్లుల బిడ్డల్లో ఊపిరితిత్తుల సమస్యలు, మరణాలు ఎక్కువ కనిపించడంతో. ఆ తర్వాత కూడా ఆ మాత్ర రాయడం నాకు సమ్మతం కాదు. రోజంతా మంచం మీదే పడుకోబెట్టినా మాయ బాగుపడదు. ఇంట్లో అందరూ తినేదే కడుపునిండా తిను, ఐరన్ మానకు, పొగాకు పొగ దగ్గర ఉండకు అన్నాను. మా చేతిలో ఉన్న అసలు మందు ఒకటే, సరైన రోజున కాన్పు చేయడం. ఆ రోజు ఏదో తెలుసుకోవడానికే ఈ స్కాన్లన్నీ.

కదలికల లెక్క నేర్పించాను. ఎన్ని అన్నదానికన్నా ఆ బిడ్డకు అలవాటైన తీరు మారిందా అన్నది ముఖ్యం. తగ్గినట్టనిపిస్తే రాత్రయినా సరే రావాలి, తెల్లవారేదాకా ఆగకూడదు. వాళ్ళ ఊరి నుంచి ఆసుపత్రికి బండి మీద ముప్పావు గంట. ఆటో అతని నంబరు ముందే రాసి పెట్టుకోమన్నాను.

35 వారాల 5 రోజులకు సీపీఆర్ 1.27. 36 వారాల 3 రోజులకు బొడ్డుతాడు 1.16, ఎంసీఏ 1.20, సీపీఆర్ 1.03. ఇప్పుడది అయిదో పర్సంటైల్ కింద. ఎన్‌ఎస్‌టీ (కాసేపు బిడ్డ గుండె చప్పుడు గీత తీసే పరీక్ష) బాగుంది, ఉమ్మనీరు 8 సెంటీమీటర్లు, బీపీ 124/80, మూత్రంలో ప్రొటీన్ లేదు.

ఏ రోజున, ఎలా

ఇక్కడ కూడా తేదీయే నిర్ణయించింది. పొట్ట మూడో పర్సంటైల్ కింద ఉండి, డాప్లర్‌లో మార్పు వచ్చాక 37 వారాలు దాటించి వేచి ఉండడంలో లాభం లేదు. హఠాత్తుగా కడుపులోనే బిడ్డ పోయే ప్రమాదం రోజురోజుకూ పెరుగుతుంది. అలాగని 36 వారాల 3 రోజులకే, ఎన్‌ఎస్‌టీ బాగున్నప్పుడు, పరిగెత్తాల్సిన పనీ లేదు. పాత నెలసరి తేదీ ప్రకారమైతే అప్పటికే 37 వారాల 6 రోజులు అయినట్టు. నేను ఆసుపత్రిలో చేర్చుకుని రోజుకు రెండుసార్లు ఎన్‌ఎస్‌టీ చూస్తూ 37 వారాలు నిండేదాకా ఆగాను.

అమ్మాయి తల్లికి ఆపరేషనే కావాలి. చిన్న బిడ్డ, నొప్పులు తట్టుకోలేదేమోనని భయం. ఆ భయంలో న్యాయం ఉంది, చాలామంది డాక్టర్లూ అలాగే ఆలోచిస్తారు. కానీ బొడ్డుతాడులో రక్తప్రవాహం ముందుకే సాగుతున్నప్పుడు, ఎన్‌ఎస్‌టీ మామూలుగా ఉన్నప్పుడు, నొప్పులు తెప్పించి చూడడానికి ఏ అడ్డూ లేదు. నెదర్లాండ్స్‌లో నెలలు నిండిన చిన్న బిడ్డల మీద చేసిన డిజిటాట్ అధ్యయనం 2010లో వచ్చింది. నొప్పులు తెప్పించిన వాళ్ళలో, వేచి చూసిన వాళ్ళతో పోలిస్తే ఆపరేషన్లు పెరగలేదు, బిడ్డలకు నష్టమూ పెరగలేదు. షరతు ఒక్కటే. నొప్పులంతసేపూ బిడ్డ గుండె చప్పుడు మానిటర్ మీద ఉండాలి, అవసరమైతే అరగంటలో ఆపరేషన్ చేయగలిగే చోటే ఈ పని చేయాలి. ఆ రెండూ లేనిచోట నా సలహా కూడా మారుతుంది.

గర్భాశయ ముఖద్వారం ఇంకా గట్టిగానే ఉంది. మందులతో ఒక్కసారిగా నొప్పులు ఎక్కువైతే ఈ బిడ్డకు మంచిది కాదు కాబట్టి రాత్రి ఫోలీ బల్బ్ (ద్వారాన్ని మెల్లగా తెరిపించే నీటి బుడగ గొట్టం) పెట్టాం. తెల్లవారేసరికి అది జారిపోయింది, ద్వారం మూడు సెంటీమీటర్లు తెరుచుకుంది. నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ చుక్కలు తక్కువ మోతాదులో మొదలుపెట్టాం. మధ్యలో ఒకసారి గుండె చప్పుడు నొప్పితోపాటు తగ్గి వెంటనే కోలుకుంది. ఆక్సిటోసిన్ ఆపి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడితే సర్దుకుంది. సాయంత్రం మామూలు కాన్పు అయింది.

ఆడపిల్ల. 2,160 గ్రాములు. పుట్టగానే ఏడ్చింది. ఎదుగుదల తగ్గిన బిడ్డకు పుట్టాక మొదటి గండం చక్కెర పడిపోవడం, రెండోది ఒళ్ళు చల్లబడడం. కాలేయంలో నిల్వల్లేవని పొట్ట కొలత ముందే చెప్పింది కదా. ఆరబెట్టి వెంటనే తల్లి గుండెల మీద పడుకోబెట్టాం, గంటలోపే పాలు పట్టించాం. మొదటి పరీక్షలో చక్కెర 41, పాలు పట్టాక 58. ఎన్‌ఐసీయూ అవసరం పడలేదు. పాప చేతులు, కాళ్ళు సన్నగా ఉన్నాయి, తొడల మీద చర్మం ముడతలు పడి వదులుగా ఉంది. మామూలుగా చిన్నగా పుట్టే బిడ్డ చర్మం బిగుతుగానే ఉంటుంది. ఈ ముడతలు చూస్తే చాలు, కొవ్వు చేరాల్సిన వారాల్లో చేరలేదని తెలిసిపోతుంది.

మాయ 350 గ్రాములు ఉంది. నెలలు నిండిన మాయ దాదాపు అరకేజీ ఉంటుంది. ఒక అంచున పాలిపోయి గట్టిపడిన మచ్చలు. పరీక్షకు పంపితే తల్లి వైపు రక్తప్రసరణ లోపమని రిపోర్టు వచ్చింది, అంటే మొదటి స్కాన్‌లో కుడివైపు కనిపించిన నాచ్‌కు అర్థం అదేనన్నమాట. పెద్దావిడకు ఆ రిపోర్టు చదివి వినిపించి, మీ అమ్మాయి తినకపోవడం వల్ల కాదండీ అని మళ్ళీ చెప్పాను.

డిశ్చార్జి కాగితంలో రెండు భాగాలు రాశాను. మొదటిది పాపది: రోజూ తూకం అక్కర్లేదు, కానీ వారానికోసారి తూచి చార్టులో పెట్టాలి. టీకాలు వేళకు వేయించాలి. తొందరగా లావెక్కాలని డబ్బా పాలు కలపకూడదు. రెండోది తల్లిది, తర్వాతి కాన్పు కోసం: ఈసారి నెల తప్పగానే రావాలి. 11 నుంచి 14 వారాల మధ్య ఎన్‌టీ స్కాన్, అదే రోజు గర్భాశయ ధమనుల డాప్లర్. 16 వారాల లోపే రాత్రిపూట ఆస్పిరిన్ 150 మిల్లీగ్రాములు. ముందుగానే హిమోగ్లోబిన్ 11 దాటించాలి. 28 వారాల నుంచి మూడు వారాలకోసారి గ్రోత్ స్కాన్, డాప్లర్‌లో ఎంసీఏ తప్పనిసరి. కిందనే హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ ఫొటోను ప్రింటు తీసి కుట్టి, సీఆర్‌ఎల్ వరుస కింద గీత గీసి ఇచ్చాను.